సముద్రం లేని ఊళ్లో సినిమా హాళ్లు

అందరికీ నమస్కారం. గ్రంథాలయంలో సినిమా హాళ్ల గురించి మాట్లాడనిచ్చినందుకు నిర్వాహకులకు ధన్యవాదాలు. నేను సినిమా మనిషిని కాను, బడిపంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా నాయిన మాత్రం మిర్యాలగూడలో ఒక హాల్లో ఆపరేటర్. ఆయన బతికున్నన్నాళ్లూ మా ఇంట్లో సినిమా కథల కంటే మిషన్ కథలే ఎక్కువ నడిచేవి. అందుకని ఇవాళ నా మాటల్లో హీరోలు తక్కువ. ఆపరేటర్లు, గేట్‌మన్లు, టికెట్ కిటికీ వెనక కూర్చున్నవాళ్లు, ఇంటర్వెల్‌లో పల్లీలు అమ్ముకున్నవాళ్లు, వీళ్లే ఎక్కువ ఉంటారు.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సముద్రం లేదు. కృష్ణమ్మ ఉంది, వాడపల్లి దగ్గర మూసీ వచ్చి అందులో కలుస్తుంది, మన నీళ్ల ముచ్చట అంతవరకే. మా తరంలో చాలామంది సముద్రాన్ని మొట్టమొదట చూసింది తెర మీదే. హీరో హీరోయిన్లు పాట పాడుతుంటే వెనకనుంచి అల ఎగిసి వచ్చేది. నేల టికెట్‌లో ముందు కూర్చున్న పిల్లలం కాళ్లు వెనక్కి లాక్కునేవాళ్లం. ఒకసారి మా అవ్వ ఆ అలలనే చూసుకుంటూ, "గన్ని నీళ్లు ఊకెనే పడి ఉన్నయి, మన చెర్లకెందుకు రావు బిడ్డా" అన్నది. కరువులు చూసిన మనిషి. ఆమెకు పాట వినపడలేదు, నీళ్లే కనపడ్డాయి.

సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లు తమ హాళ్లను బాగానే గుర్తుపెట్టుకున్నాయి. విశాఖపట్నంలో జగదాంబ అనే హాలు పేరు ఏకంగా ఆ సెంటరుకే పడిపోయింది. జగదాంబ జంక్షన్ అంటే ఆ హాల్లో ఒక్క సినిమా చూడనివాళ్లకు కూడా దారి తెలుస్తుంది. మన దగ్గర కూడా ఇది జరిగింది, కానీ బోర్డుల మీదికి ఎక్కలేదు. హాలు కూల్చి షాపులు కట్టాక కూడా ఆటో అతను "పాత టాకీసు కాడ దిగుతరా" అనే అడుగుతాడు. మనమూ "ఆ, అక్కడే" అంటాం. ఆ టాకీసు ఎవరు కట్టారు, ఎప్పుడు మూసేశారు, అందులో ఎవరు పనిచేశారు అని అడిగితే మాత్రం చెప్పేవాళ్లు లేరు. నాకు బాధ కలిగేది అక్కడే.

పక్కా హాళ్లకు ముందు మన పల్లెలకు వచ్చింది టూరింగ్ టాకీస్. చుట్టూ తడికెలు, పైన గుడారం గుడ్డ, లోపల ఇసుక. కరెంటు లేని చోట డీజిల్ ఇంజన్ పెట్టేవాళ్లు. దాని చప్పుడు వినపడకుండా దూరంగా పెట్టినా, అది వినపడుతూనే ఉండేది. గుడారంలో పగలు చీకటి పడదు కాబట్టి మార్నింగ్ షో, మ్యాట్నీ అనే మాటే లేదు. పొద్దుగూకితేనే బొమ్మ. మైకులో ఘంటసాల గొంతుతో వెంకటేశ్వరస్వామి పాట మొదలైందంటే ఇక టికెట్లు ఇచ్చి బొమ్మ వేస్తారని ఊరంతటికీ తెలిసేది. పొయ్యి మీద కూర ఉడికీ ఉడకకముందే దించి పరుగెత్తేవాళ్లు. లోపల ఇసుకను కుప్పగా పోసుకుని దాని మీద కూర్చుంటే వెనకవాళ్లకు తల అడ్డం. "ఇసుక తీయ్" అని అరుపులు. చెరువుగట్టు జాతరకు, అటు పాలమూరు వైపు కురుమూర్తి జాతరకు పోయినవాళ్లు దేవుణ్ణి చూసి, రాత్రికి టెంటులో సినిమా కూడా చూసి వచ్చేవాళ్లు.

టెంటులో ఒకటే మిషన్ ఉండేది. రీలు అయిపోగానే లైటు వెలిగేది, ఆపరేటర్ ఇంకో రీలు ఎక్కించేదాకా జనం మాట్లాడుకునేవాళ్లు. ఒక్క సినిమాకు ఎన్ని రీళ్లుంటే అన్ని ఇంటర్వెల్లు. ఇది ఇబ్బందే, కాదనను. కానీ ఆ గ్యాపులోనే అక్షరం రానివాళ్లకు పక్కవాళ్లు కథ విడమరిచి చెప్పేవాళ్లు. పాటల పుస్తకం కొన్న పిల్లవాడు పాట చదివి వినిపించేవాడు. మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు పాటల పుస్తకాలతోనే చదవడం నేర్చుకున్నారు. నేను బడిపంతులుగా ఈ మాట గట్టిగా చెప్తాను.

ఇప్పుడు క్యాబిన్‌లోకి వెళ్దాం. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పని చేసినవాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు.

పక్కా హాల్లో రెండు మిషన్లు పక్కపక్కన ఉంటాయి. ఇప్పటి పిల్లలు లోపల పెద్ద బల్బు ఉంటుందనుకుంటారు. మొదట్లో బల్బు లేదు, కార్బన్లు ఉండేవి. పెన్సిలంత కడ్డీలు రెండు, పైన సన్నని రాగి పూత. కరెంటు ఇచ్చి రెండు కొనలనూ ఒకసారి తాకించి కొద్దిగా ఎడం చేస్తే మధ్యలో తెల్లటి మంట లేస్తుంది. వెనక ఉన్న పెద్ద అద్దం ఆ వెలుగును పోగుచేసి ఫిల్మ్ మీదికి పంపుతుంది. మంటను ఉత్త కళ్లతో చూడకూడదు, మిషన్‌కున్న నల్లద్దంలోంచి చూడాలి. కార్బన్లు కాలుతున్నకొద్దీ పొట్టివవుతాయి. ఎడం పెరిగితే తెర పసుపు రంగులోకి తిరుగుతుంది, ఇంకా పెరిగితే మంట ఆరిపోతుంది. అందుకని మూడు గంటలూ ఒక చెయ్యి ఆ మరమీద ఉండాల్సిందే. రాగి కరిగి చుక్కలుగా రాలేది. మా నాయిన కుడిచేతి వేళ్ల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు చివరిదాకా అలాగే ఉండేవి. పొగ పోవడానికి గొట్టం పెట్టినా, ఎండాకాలంలో ఆ గదిలో బనియన్ కూడా ఒంటి మీద నిలిచేది కాదు.

ఫిల్మ్ సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. నిమిషానికి 90 అడుగులు. పదహారు వేల అడుగుల సినిమా అంటే దాదాపు మూడు గంటలు. రెండు వేల అడుగుల చొప్పున చుట్టుకుంటే ఒక చుట్ట 22 నిమిషాలు వస్తుంది. మొదటి మిషన్‌లో అది అయిపోయే లోపల రెండో మిషన్ సిద్ధంగా ఉండాలి. దానికి గుర్తు తెర మీదే ఉంటుంది. కుడివైపు పైమూలన ఒక చిన్న చుక్క మెరిసి మాయమవుతుంది. అది కనపడగానే రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఇంకో ఏడు సెకన్లకు రెండో చుక్క. దానికి ఇటు మూసి అటు తెరవాలి. సరిగ్గా చేస్తే హాల్లో ఒక్కరికీ తెలియదు. మా నాయిన జీవితమంతా ఎవరికీ తెలియకుండా ఉండడం కోసమే కష్టపడ్డాడు. తెలిసిందంటే ఈలలే.

రీలు తెగితే వచ్చే గోల సంగతి మీలో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. తెగిన చోట రెండు వైపులా గీకి, సిమెంట్ అనే జిగురు పూసి, నొక్కి పట్టుకుని అతికించాలి. ప్రతి అతుకుకూ కొన్ని బొమ్మలు పోతాయి. కొత్త సినిమా మొదట పెద్ద ఊళ్లలో ఆడి, తర్వాత జిల్లా కేంద్రాల్లో ఆడి, మన చిన్న ఊళ్లకు వచ్చేసరికి నెలలు గడిచేవి. అప్పటికి ప్రింటు మీద నిలువునా గీతలు, తెరంతా వాన. పాట మధ్యలో హీరోయిన్ చెట్టు దగ్గర నుంచి ఒక్కసారిగా కొండ మీదికి చేరేది. ఆ మధ్యలోని పాట ఎక్కడో ఇంకో ఊరి క్యాబిన్‌లో తెగిపడి ఉంటుంది. తెగిపడిన ఆ ముక్కల కోసం మేం క్యాబిన్ మెట్ల కింద కాచుకుని ఉండేవాళ్లం. మాడిపోయిన బల్బు లోపలి సామాను తీసేసి నీళ్లు పోసి, ముందు ఫిల్మ్ ముక్క పెట్టి, అద్దంతో ఎండ పడేలా చేస్తే, చీకటి గదిలో కట్టిన తెల్ల పంచె మీద బొమ్మ పడేది. బొమ్మ కదలదు. అయినా దానికీ టికెట్ పెట్టి, అగ్గిపెట్టె బొమ్మలు వసూలు చేసేవాళ్లం.

ఊరంతా అడిగే ప్రశ్న ఒకటుండేది, "బాక్స్ వచ్చిందా?" అని. రేకు పెట్టెల్లో రీళ్లు హైదరాబాద్ నుంచి బస్సు టాప్ మీద రావాలి. దసరానాడు బాక్స్ రావడం ఆలస్యమైతే మేనేజర్ టెన్షన్ చూడాల్సిందే. ఒక్కోసారి రెండు ఊళ్లకు కలిపి ఒకే ప్రింటు. ఇక్కడ ఆడిన రీళ్లను సైకిల్ మీదో మోటార్ సైకిల్ మీదో పక్క ఊరికి చేరవేస్తే అక్కడ బొమ్మ పడేది. అలా రీళ్లు మోసిన కుర్రవాళ్ల పేర్లు ఏ టైటిల్స్‌లోనూ ఉండవు.

ఇక అసలు సంగతి. మనది గడీల నేల. దొర వాకిలి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన తాతలు మనందరికీ ఉన్నారు. వెట్టికి ఎదురు తిరిగి 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం జరిగిన నేల. ఆ తర్వాతి ఇరవై ముప్పై ఏళ్లలో మామూలు మనిషి ఊళ్లో ఎక్కడెక్కడ కూర్చోగలిగాడు అని లెక్కవేస్తే, అందులో సినిమా హాలును వదిలేయడం అన్యాయం. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని తేడాలున్న మాట నిజమే. అది డబ్బు తేడా. బెంచీ టికెట్ కొన్నవాణ్ణి "నీదే ఇల్లు" అని ఆ కిటికీ దగ్గర అడగలేదు. గేట్ దగ్గర టికెట్ సగం చించి లోపలికి పంపారు.

హుజూర్‌నగర్ వైపు గేట్‌మన్‌గా చేసిన ఒక పెద్దాయన నాకు చెప్పిన సంగతి ఇది. ఒక జీతగాడు, అంటే ఏడాదికింత అని మాట్లాడుకుని ఒకరి ఇంట్లో పనిచేసే మనిషి, సాగర్ కట్ట మీద కూలికి పోయి నాలుగు పైసలు వెనకేసుకుని, ఒకనాడు కుర్చీ టికెట్ కొన్నాడు. లోపల కూర్చున్నాక పాత ఆసామి ఇంటి మనిషి వచ్చి పక్క కుర్చీలో కూర్చోబోయాడు. ఇతను అలవాటు కొద్దీ చటుక్కున లేచి నిలబడ్డాడు. గేట్‌మన్ టార్చిలైటు వేసి, "నీ తాన టికెట్ ఉన్నది గదా, కూసో" అన్నాడు. అతను కూర్చున్నాడు. వచ్చినాయన ఏమీ అనలేదు. బొమ్మ మొదలైంది. అంతే జరిగింది. కానీ ఆ పెద్దాయన ఏళ్ల తర్వాత నాకు చెప్తూ కూడా, తను ఆ మాట అన్నందుకు నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

తేడాలన్నీ హాల్లో కరిగిపోయాయని నేను అనడం లేదు. ఆడవాళ్లకు వేరే వైపు, మధ్యలో పరదా. చాలా ఇళ్లలో ఆడపిల్లలను సినిమాకు పంపడమే ఉండేది కాదు. కానీ నాట్లు అయిపోయిన నాడు ఆడకూలీలు గుంపుగా ట్రాక్టర్ ట్రాలీలో వచ్చి, బురద ఆరని కాళ్లతోనే ఆ పరదా వెనక కూర్చుని గట్టిగా నవ్వడం, గట్టిగా ఏడవడం నేను విన్నాను. ఇంట్లో అంత గొంతెత్తి నవ్వే వీలు వాళ్లలో ఎందరికి ఉండేది?

హాళ్లు ఎక్కడ లేచాయో చూస్తే నీళ్ల దారి కనపడుతుంది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు పచ్చబడ్డాయి. డెల్టా వైపు నుంచి రైతులు వచ్చి భూములు కొనుక్కున్నారు. మిర్యాలగూడలో రైసు మిల్లులు వరుసగా వెలిశాయి. కోతలయ్యాక చేతిలో పైసా ఆడేది, ఆ పైసాను నమ్ముకుని హాళ్లు కట్టారు. మెట్ట ప్రాంతం, దేవరకొండ, మునుగోడు, అటు పాలమూరు, అక్కడ లెక్క వేరు. వలస పోయినవాళ్లు పండుగకు ఊరికి వస్తేనే హాలు కళకళ. అప్పుడు మాత్రం ఎక్కడెక్కడో మట్టి మోసి వచ్చిన పాలమూరు కూలీ, భార్యాపిల్లలను బాల్కనీలో కూర్చోబెట్టాలని ఆశపడేవాడు. ఆ ఆశను నేను చాలా గౌరవిస్తాను.

మరో ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. కత్తి కాంతారావు మనవాడే. కోదాడ దగ్గర గుడిబండలో 1923లో పుట్టాడు. విఠలాచార్య జానపదాల్లో ఆయన కత్తి తిప్పుతుంటే మన హాళ్లలో ఈలలు వేరేగా ఉండేవి. "మనూరోడు" అన్న గర్వం ఆ ఈలలో ఉండేది. మద్రాసులో ఉన్న సినిమా మాకు చుట్టరికం అయినట్టు అనిపించింది ఆయన వల్లే.

ఈ హాళ్లు ఎలా పోయాయి? టీవీ వచ్చి చంపిందని అందరూ అంటారు. కొంత నిజం. హైదరాబాద్‌లో దూరదర్శన్ 1977లో మొదలైంది, ఎనభైలలో పల్లెలకు చేరింది. 1987లో రామాయణం సీరియల్ మొదలయ్యాక ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీ. వీడియో పార్లర్లు వచ్చాయి. 1995లో తెలుగు ప్రైవేట్ ఛానళ్లు వచ్చాయి. అయినా హాళ్లు నిలబడ్డాయి. నా లెక్కలో వాటిని బాగా దెబ్బకొట్టింది సినిమా విడుదల చేసే పద్ధతి మారడం. ప్రింటుకు వేలల్లో ఖర్చు కాబట్టి ఒకప్పుడు ప్రింట్లు తక్కువ వేసేవాళ్లు. ఒక ఊరి తర్వాత ఇంకో ఊరికి బాక్స్ తిరిగేది. ఆలస్యంగా వచ్చినా మన వంతు మనకు ఉండేది. డిజిటల్ వచ్చాక బాక్స్ అక్కర్లేదు. హైదరాబాద్‌లో, హాలియాలో ఒకే రోజు బొమ్మ. మొదటి రోజే చూడగలగడం మనకు మంచిదే, నాకు సంతోషమే. కానీ వసూలంతా మొదటి వారంలోనే అయిపోతుంది, రెండో వారానికి జనం ఉండరు. పాత సినిమాలతో, ఆలస్యపు సినిమాలతో బతికిన చిన్న హాలుకు పని లేకుండా పోయింది. దానికి తోడు ఊరి నడిబొడ్డున అంత స్థలం. దాని ధర చూస్తే ఏ వారసుడైనా ఆలోచిస్తాడు. కొన్ని ఫంక్షన్ హాళ్లయ్యాయి, కొన్ని ధాన్యం గోదాములయ్యాయి. ఓనర్లను తిట్టడం సులువు, కానీ నష్టాల్లో కూడా ఏళ్లతరబడి స్టాఫ్‌కు జీతాలిచ్చి నడిపినవాళ్లను నేను ఎరుగుదును. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి గేట్లు మూసినప్పుడు, వాటిలో కొన్ని మళ్లీ తెరుచుకోలేదు.

హాళ్లను తిరిగి కట్టమని నేను అడగడం లేదు. వాటి కాగితాలు కాపాడుకుందాం అంటున్నాను. ప్రతి హాల్లో డీసీఆర్ అని ఉండేది, రోజువారీ కలెక్షన్ లెక్క. ఏ షోకు ఏ క్లాసులో ఎన్ని టికెట్లు తెగాయో అందులో రాసేవాళ్లు. పంపిణీదారు తరఫున రెప్రజెంటేటివ్ వచ్చి కూర్చుని సంతకం పెట్టేవాడు. ఒక్క హాలు డీసీఆర్‌లు పదేళ్లవి దొరికితే చాలు, ఏ ఏడు పంటలు పండాయో, ఏ ఏడు కరువో, నేల టికెట్లు ఎప్పటినుంచి తగ్గాయో మన పిల్లలు పరిశోధన చేయవచ్చు. ఇంకా, గాజు పలక మీద చేత్తో రాసిన అడ్వర్టైజ్‌మెంట్ స్లైడ్లు. ఆ చేతిరాత రాసిన పెయింటర్లలో కొందరు ఇంకా ఉన్నారు. ఇవన్నీ ఇప్పుడు పాత సామాను కొట్లకు కిలోల లెక్కన పోతున్నాయి.

మేం నలుగురం కలిసి ఈ పని మొదలుపెడుతున్నాం. ముందు హుజూర్‌నగర్, కోదాడ వైపు, తర్వాత దేవరకొండ, ఆ తర్వాత అచ్చంపేట, నాగర్‌కర్నూల్ దాకా పోవాలని ఉంది. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు, ఫోన్‌లో రికార్డు చేస్తే చాలు. మీ వాడలో పాత ఆపరేటర్, గేట్‌మన్, బుకింగ్ క్లర్క్, రిక్షాలో మైకు పట్టుకుని ప్రచారం చేసినవాళ్లు, పోస్టర్లు అంటించినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ సినిమా బాగా ఆడింది అని అడిగి లేచి రావద్దు. జీతం ఎంత ఇచ్చేవాళ్లు, పండుగపూట ఇంట్లో ఉండేవాళ్లా, సెకండ్ షో అయ్యాక ఇంటికి ఎలా వెళ్లేవాళ్లు, కార్బన్లు ఎక్కడ దొరికేవి, మిషన్ చెడిపోతే ఎవరు వచ్చి బాగుచేసేవాళ్లు, ఇవి అడగండి. ఇంట్లో పాత టికెట్ ముక్క, పాటల పుస్తకం, హాలు ముందు దిగిన ఫొటో ఏదైనా ఉంటే ఇక్కడికి తెండి. కాపీ తీసుకుని మీ వస్తువు మీకు వెంటనే తిరిగి ఇచ్చేస్తాం. సభ అయ్యాక నేను రీడింగ్ రూమ్‌లోనే ఉంటాను. మీకు తెలిసినవాళ్ల పేరు, ఊరు ఒక కాగితం మీద రాసి నా చేతికివ్వండి. వయసు మీద పడినవాళ్లవి ముందు రాయండి, వాళ్ల దగ్గరికే మొదట వెళ్తాం.